చుండ్రు మందు, జుట్టు రాలుట: భయపడవలసినది ఎంత?

చుండ్రుకు మందు షాంపూ వాడుట మొదలుపెట్టిన రెండు మూడు వారములలో జుట్టు ఎక్కువగా రాలుచున్నదని మందును మధ్యలో మానివేయువారు మన నేత కుటుంబములలో చాలమంది గలరు. మానిన కొలది దినములకే దురద తిరిగి వచ్చును. గోకుడు మొదలగును. పిమ్మట మరల అదే సీసా గాని, ఎవరో చెప్పిన నూనె గాని కొనవలసి వచ్చును. ఈ విధముగా డబ్బు పోవును, తల బాగుపడదు, ఉన్న జుట్టు కూడ పలుచబడును. పెండ్లి ఈడు వచ్చిన ఆడపిల్లల తల్లులు ఈ విషయమై పడు ఆందోళన ఇంతింత కాదు. కూలి చెల్లించు దినములలో సంఘ కార్యాలయమునకు వచ్చు స్త్రీలు, "చుండ్రు పోయే మాట దేవుడెరుగు, జుట్టే పోయేట్టుందండీ" అని చెప్పుకొనుచుండుట వినుచునే యున్నాము.

కావున ఈ విషయమున వైద్యశాస్త్రము నిర్ధారణ చేసిన సంగతులను మన పాఠకులకు తెలియు రీతిగా ఇక్కడ వ్రాయుచున్నాను. ఇది వైద్యుని సలహాకు బదులు కాదు. వైద్యుని యొద్దకు ఎప్పుడు తప్పక పోవలెనో, ఎప్పుడు ఇంటివద్దనే ఓపికతో మందు కొనసాగించవచ్చునో తెలిసికొనుటకు మాత్రమే ఉపకరించును.

చుండ్రు అనగా నేమి

మన తలచర్మము నిత్యము పైపొరను విడిచి క్రొత్త పొరను కట్టుకొనుచుండును. ఆ విడిచిన పొర సాధారణముగా కంటికి కనబడనంత సన్నని పొడిగా పోవును. చుండ్రు ఉన్నవారిలో ఈ పని తొందరపడి జరుగును. పొరలు పండక మునుపే ముద్దలుగా ఊడివచ్చును. అవియే మనకు తెల్లని పొట్టుగా కనబడును. తల ఎర్రబడి, పొట్టు పసుపుపచ్చగా జిడ్డుగా ఉండి, కనుబొమలలోను, ముక్కు ప్రక్కలను, చెవుల వెనుకను కూడ వచ్చినచో దానిని వైద్యులు సెబోరిక్ చర్మశోథ అందురు. చుండ్రు చిన్నది, ఇది పెద్దది, జాతి ఒకటే.

ఇందులో ఒక సూక్ష్మజీవికి పాత్ర గలదు. దాని పేరు మలసేజియా. ఇది పులిసిన పిండిలో ఉండు ఈస్టు జాతికి చెందినది. 1874లో మలసే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినందున ఆయన పేరే దానికి వచ్చినది. ఇది అందరి తలలపైనను ఉండును. తలచర్మము నుండి ఊరు జిడ్డును తిని బ్రతుకును. అట్లు తినునప్పుడు జిడ్డును విడగొట్టి ఓలియిక్ ఆమ్లము మున్నగు పదార్థములను వదలును. కొందరి చర్మము ఈ ఆమ్లమును ఓర్చుకొనలేదు. అట్టివారికి దురద, వాపు, పొట్టు కలుగును. కనుకనే ఒకే ఇంటిలో, ఒకే నీళ్లతో స్నానము చేయు అన్నదమ్ములలో ఒకనికి చుండ్రు ఉండును, మరియొకనికి ఉండదు.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. చుండ్రు అశుభ్రత వలన వచ్చినది కాదు. అందుకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు. ఒకరి నుండి మరియొకరికి అంటుకొను వ్యాధియు కాదు. చలికాలమున ఎక్కువగుట, నిద్ర చాలనప్పుడు, దిగులు పడినప్పుడు విజృంభించుట దీని స్వభావము.

మగ్గము మీద పనిచేయువారు ఒక భేదము గుర్తించవలెను. నూలు నుండి లేచు నూగు, గంజి పెట్టిన పడుగు నుండి రాలు పొడి తలపై పడి తెల్లగా కనబడును. అది చుండ్రు కాదు. దులిపినను, ఊదినను పోవును, దురద పెట్టదు. చుండ్రు పొట్టు చర్మము నుండి వచ్చును. దులిపిన మరునాటికి మరల కనబడును.

జుట్టు లెక్క

ఇక జుట్టు సంగతి. మనుష్యుని తలపై సుమారు 1,00,000 వెంట్రుకలుండును. ఒక్కొక్క వెంట్రుక 2 నుండి 6 ఏండ్లు పెరుగును. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పొడుగగును. పిమ్మట రెండు మూడు వారములలో పెరుగుదల ఆగిపోయి, సుమారు మూడు నెలలు కుదురులోనే ఊరక నిలిచియుండును. ఆపైన రాలిపోవును. అదే కుదురు నుండి క్రొత్త వెంట్రుక వచ్చును.

మన పనితో పోల్చి చూచిన ఇది సులభముగా తెలియును. ఒక పేటలో 100 మగ్గములున్నవనుకొందము. అన్నిటి పడుగులు ఒకే దినమున ముగియవు. ఏ దినమున చూచినను 85 నుండి 90 మగ్గములు ఆడుచుండును. తక్కినవి పడుగు ముగిసి, క్రొత్త పడుగు కొరకు ఆగియుండును. ఆగిన మగ్గమును చూచి నేతగాడు పని మానినాడని ఎవరును అనరు. తలపై వెంట్రుకలును అంతే. నూటికి పదో పన్నెండో ఎప్పుడును విశ్రాంతిలోనే ఉండును.

లక్ష వెంట్రుకలు సగటున మూడేండ్లు, అనగా సుమారు 1,000 దినములు బ్రతుకునని లెక్కవేసినచో దినమునకు 100 రాలవలసి వచ్చును. వైద్యులు చెప్పునదియు ఇంచుమించు ఇదే: దినమునకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుట సహజము.

రాలిన వెంట్రుక కొనయందు తెల్లని చిన్న ముడి కనబడును. దానిని చూచి "వేరుతో సహా ఊడివచ్చింది, ఇక మొలవదు" అని భయపడుదురు. అది పొరపాటు. ఆ తెల్లని ముడి విశ్రాంతి ముగిసిన వెంట్రుకకు ఉండు గుర్తు. కుదురు చర్మములోనే భద్రముగా ఉన్నది. ముడి లేక మధ్యలో తెగిన వెంట్రుకలు ఎక్కువగా ఉన్నచో, అది రాలుట కాదు, తెగుట. దాని కారణము వేరు. దానిని క్రింద చెప్పుచున్నాను.

మందు మొదలుపెట్టగానే ఎక్కువగా కనబడుట ఏల

ఇందుకు నాలుగు కారణములు గలవు.

మొదటిది, లెక్కలో తేడా. సంఘమునకు వారమునకు ఒకమారు బట్ట తెచ్చియిచ్చు దినమున కార్యాలయము బట్టలతో నిండిపోవును. అదంతయు ఆ దినముననే నేసినది కాదు గదా! ఏడు దినముల పని ఒక్కనాడు చేరినది. తలంటుకొను దినమును అట్టిదే. దినమునకు 60 వెంట్రుకలు రాలు స్త్రీకి దువ్వెనతో 20 వచ్చి, తక్కిన 40 జడలోనే చిక్కుకొని యుండినచో, వారమునాటికి 280 వెంట్రుకలు పోగగును. తలంటుకొనునప్పుడు అవి ఒక్కసారిగా చేతికి వచ్చును. చుండ్రు ఉన్న తలలో జిడ్డు, పొట్టు కలిసి ఊడిన వెంట్రుకలను పట్టియుంచును. మందు ఆ పొట్టును కరిగించగానే పట్టు విడిపోయి అవి బయటపడును. అవి మందు ఊడదీసినవి కావు. మునుపే ఊడియున్నవి.

రెండవది, వ్యాధి చేసిన పని ఇప్పుడు బయటపడుట. తలచర్మము చాలకాలము వాచి, దురదతో ఉన్నప్పుడు కొన్ని వెంట్రుకలు గడువుకు ముందే విశ్రాంతిలోనికి పోవును. అవి రెండు మూడు నెలల తరువాత రాలును. అనగా మందు వాడిన మూడవ వారమున రాలిన వెంట్రుక, మందు వాడుటకు మునుపే రాలుటకు సిద్ధపడినది. ఇట్టి రాలుడులో కుదురు చెడదు. వాపు తగ్గిన పిమ్మట మరల మొలచును. మందు మానినచో వాపు నిలిచి, మరికొన్ని వెంట్రుకలు అదే దారి పట్టును. ఈ సంగతి తెలియక మందు మానుటయే అన్నిటికన్న నష్టకరము.

మూడవది, తెగుట. మందు షాంపూలు జిడ్డును గట్టిగా తీయును. కొన్ని జుట్టును బిరుసెక్కించును. తడి జుట్టును ముద్దగా చేసి రుద్దినను, చిక్కు విడదీయక దువ్వినను పొడవు జుట్టు మధ్యలో తెగును. గోళ్లతో గోకుట వలన కూడ తెగును. ఇది వాడుకలోని లోపమే గాని మందు లోపము కాదు.

నాలుగవది, నిజముగా మందు పడకపోవుట. సెలీనియం సల్ఫైడ్, కీటోకొనజోల్ మందుల కాగితములలో కొందరికి జుట్టు మామూలు కంటె ఎక్కువ రాలవచ్చునని వ్రాసియుండును. ఇది అరుదు. తల మండుట, ఎర్రగా దద్దురులు వచ్చుట, ముఖము ఉబ్బుట కనబడినచో మందు వెంటనే కడిగివేసి, ఆపి, వైద్యుని చూడవలెను. ఈ గుర్తులు లేక ఊరక రాలుడు కనబడినంత మాత్రమున మందును నిందింపరాదు.

ఏ మందు ఏమి చేయును

కీటోకొనజోల్ షాంపూ, సాధారణముగా నూటికి 2 వంతులది, మలసేజియాను అణచును. సెలీనియం సల్ఫైడ్ ఆ జీవిని అణచుటయే గాక చర్మము పొరలు కట్టు వేగమును తగ్గించును. జింక్ పైరిథియోన్ అంగడులలో దొరకు సామాన్యపు చుండ్రు షాంపూలలో చాలకాలముగా ఉన్నది. చుండ్రు కొద్దిగా ఉన్నవారికి అది చాలును. శాలిసిలిక్ ఆమ్లము అట్టకట్టిన పొట్టును మెత్తబరచి విడదీయును. బొగ్గుతారుతో చేసిన మందు దురదను, పొట్టును తగ్గించును. కాని వాసన ఉండును, లేత రంగు బట్టకు మరక అంటించును. దానిని వాడిన దినమున తల బాగుగా కడుగుకొని ఆరనిచ్చిన పిమ్మటనే తెల్లనూలు పనికి కూర్చుండవలెను.

సెలీనియం సల్ఫైడ్ వాడునప్పుడు వెండి ఉంగరములు, గొలుసులు తీసి ప్రక్కన పెట్టవలెను, అవి నల్లబడును. చేతులు బాగుగా కడుగుకొననిదే వెండి జరీ ముట్టుకొనరాదు.

కొందరు "షాంపూ ఎందుకు, మాత్ర వేసుకొంటే త్వరగా పోవును" అని చెప్పుదురు. కీటోకొనజోల్ మాత్రలు కాలేయమునకు తీవ్రమైన హాని చేయగలవని తెలిసి, 2013లో ఐరోపా ఔషధ సంస్థ శిలీంధ్ర వ్యాధులకు ఆ మాత్రల వాడుకను నిలిపివేయవలెనని సిఫారసు చేసినది. తలకు పెట్టు షాంపూ శరీరములోనికి లెక్కింపదగినంత పోదు. కనుక చుండ్రుకు మాత్రలు స్వయముగా కొని వాడరాదు. అట్లే మందుల అంగడిలో అడిగిన వెంటనే ఇచ్చు స్టెరాయిడ్ కలిపిన లేపనములను, ద్రవములను వైద్యుడు చెప్పనిదే తలకు రాయరాదు. మొదట హాయిగా ఉండును; మానగానే దురద రెట్టింపగును; చర్మము పలుచబడును.

వాడవలసిన విధానము

మందు పనిచేయకపోవుటకు సగము కారణము దానిని మామూలు షాంపూవలె వాడుటయే. ముందుగా పొడి జుట్టునకు చిక్కు తీయవలెను. తల తడిపి, వెంట్రుకలను పాయలుగా విడదీసి, మందును జుట్టునకు గాక చర్మమునకు చేర్చవలెను. వ్రేళ్ల కొనలతో మెల్లగా రాయవలెను, గోళ్లు తగులరాదు. 3 నుండి 5 నిమిషములు అట్లే ఉంచవలెను. వెంటనే కడిగినచో మందు నీళ్లపాలే. తరువాత మంచి నీళ్లతో శుభ్రముగా కడుగవలెను. కళ్లలో పడనీయరాదు. జుట్టు కొనలు బిరుసుగా ఉన్నచో చర్మమునకు తగులకుండ కొనలకు మాత్రము మెత్తబరచు కండిషనరు రాయవచ్చును. తువ్వాలుతో బాదరాదు, అద్ది ఆరబెట్టవలెను.

కీటోకొనజోల్ షాంపూను వారమునకు రెండుమారులు చొప్పున 2 నుండి 4 వారములు వాడవలెను. బాగుపడిన పిమ్మట వారమునకో, రెండు వారములకో ఒకమారు వాడుచుండిన చుండ్రు తిరిగి రాకుండును. ఇది ఒకమారు మందుతో శాశ్వతముగా పోవు వ్యాధి కాదు. అదుపులో ఉంచుకొనదగిన వ్యాధి. "పూర్తిగా పోగొట్టెదము" అని ప్రకటించు నూనెలకు, పొడులకు డబ్బు పోయరాదు. గర్భిణీ స్త్రీలు, పాలిచ్చు తల్లులు వైద్యుని అడిగి వాడవలెను. నెలల పిల్లల తలపై కట్టు పసుపుపచ్చని పక్కు తనంతట తానే తగ్గును. దానికి పెద్దల మందు పెట్టరాదు.

రాలుడు నిజముగా ఎక్కువగుచున్నదా అని తెలిసికొనుటకు ఒక ఉపాయము గలదు. తలంటిన ప్రతిసారి ఊడిన జుట్టును ఆరబెట్టి, తేదీ వ్రాసిన కాగితపు పొట్లములో ఉంచవలెను. నాలుగు వారముల పొట్లములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో మనస్సునకు తోచినది వేరు, లెక్క వేరు అని తెలియును. చాలమందికి మొదటి రెండు పొట్లములు లావుగా ఉండి తరువాతివి తగ్గును. తలంటు విడుపు ఎన్ని దినములో కూడ పొట్లము మీద వ్రాయవలెను. మూడు దినముల జుట్టును, ఏడు దినముల జుట్టును పోల్చరాదు.

నూనె, కుంకుడుకాయ సంగతి

"తల ఎండిపోయి పొట్టు లేచుచున్నది, నూనె పెట్టండి" అనునది మన పెద్దలమాట. చుండ్రు విషయమున ఇది సరిపడదు. కొబ్బరినూనెలోని క్రొవ్వు ఆమ్లములు మలసేజియాకు ఆహారము. రాత్రి నూనె దట్టించి ఉదయము వరకు ఉంచినచో ఆ జీవికి విందు పెట్టినట్లే. మందు వాడు రోజులలో తలచర్మమునకు నూనె మానవలెను. కొనలకు కొద్దిగా రాసికొనవచ్చును. పొట్టు మందముగా అట్టకట్టియున్నచో, తలంటుటకు ఒక గంట ముందు కొద్దిగా నూనె రాసి మెత్తబడనిచ్చి, ఆ దినమే మందుతో కడిగివేయవచ్చును.

కుంకుడుకాయను కన్నడ దేశమున అంటువాళ అనియు, మహారాష్ట్రమున రీఠా అనియు అందురు. అందులోని సాపోనిను వలన నురుగు వచ్చి జిడ్డు పోవును. తల శుభ్రపడుటకు అది మంచిదే. కాని మలసేజియాను అణచుటకు మందు షాంపూకు అది సాటి కాదు. బట్టల సబ్బు తలకు అసలే వాడరాదు. ఉప్పునీటిలో సబ్బు తెల్లని పిప్పిగా తలకు పట్టుకొని, చుండ్రువలె కనబడును.

రంగుల పని చేయువారికి ఒక హెచ్చరిక. కాస్టిక్ సోడా, హైడ్రోస్ తగిలిన చేతితో తల గోకుకొనరాదు. గోకిన చోట మంట పుట్టి పుండు పడవచ్చును. పనిలో తలకు గుడ్డ చుట్టుకొని, పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను.

చుండ్రు కానివి

చుండ్రు అనుకొని కాలము గడిపినచో చేటు తెచ్చునవి కొన్ని గలవు.

పిల్లల తలపై గుండ్రముగా పొట్టు లేచి, అచ్చట వెంట్రుకలు పొట్టిగా తెగిపోయి, నల్లని చుక్కలవలె కనబడినచో అది తామర. ఇది అంటువ్యాధి. షాంపూతో మాత్రమే పోదు. వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రలు కొన్ని వారములు వాడవలెను. అశ్రద్ధ చేసినచో చీముపట్టి మెత్తని గడ్డగా మారి, ఆ చోట జుట్టు శాశ్వతముగా మొలవకపోవచ్చును. అట్టి పిల్లల దువ్వెన, తువ్వాలు వేరుగా ఉంచవలెను.

పొట్టు గాని దురద గాని లేక, నాణెమంత మేర నున్నగా జుట్టు పోయినచో దానిని మనవారు పేనుకొరుకుడు అందురు. పేను కొరికినందున వచ్చినది కాదు. శరీరపు రక్షణశక్తి పొరపాటున వెంట్రుక కుదుళ్లపై పడుట వలన వచ్చినది. ఉల్లిపాయ, ఘాటు మందులు రుద్ది పుండ్లు చేసికొనక వైద్యునికి చూపవలెను.

వెండి పొలుసులవంటి మందమైన పొరలు తలపైనను, మోచేతులపైనను ఉన్నచో అది సోరియాసిస్ కావచ్చును. వెంట్రుకకు అంటుకొని, లాగినను జారని తెల్లని చుక్కలు ఈపులు. అది పేల బాధ. జుట్టుకు నల్లరంగు వేసికొన్న పిమ్మట దురద మొదలైనచో ఆ రంగే కారణమని అనుమానించి దానిని మానవలెను.

తలయంతట సమముగా జుట్టు రాలుచున్నచో గడచిన రెండు మూడు నెలలను జ్ఞాపకము చేసికొనవలెను. టైఫాయిడ్, డెంగీవంటి జ్వరములు, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స, తిండి చాలకపోవుట వలన అట్లు రాలును. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి లోపము కూడ కారణము కావచ్చును. మగ్గముమీద, ఆసుమీద పనిచేయుచు, అందరికి పెట్టి మిగిలినది తిను మన స్త్రీలలో రక్తహీనత ఉన్నదేమో చూచుకొనుట ముఖ్యము. దానికి రక్తపరీక్ష కావలెను గాని తలనూనె కాదు.

వైద్యుని ఎప్పుడు చూడవలెను

నాలుగు వారములు సరిగా వాడినను దురద తగ్గకున్నను, రాలుడు మూడు నెలలు దాటినను, పాపిట వెడల్పగుచున్నను, మచ్చలుగా జుట్టు పోయినను, చీము, రసి, నొప్పి కనబడినను జాగు చేయరాదు. 50, 60 వెంట్రుకలను వ్రేళ్ల నడుమ పట్టి మెల్లగా లాగినప్పుడు రెండు మూడు వచ్చుట మామూలు. ఆరు దాటి వచ్చుచున్నచో చూపవలెను.

షోలాపూరు, బరంపురము, సేలము ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగములు గలవు. పోవునప్పుడు వాడిన మందు సీసాను, పైన చెప్పిన పొట్లములను తీసికొనిపోవలెను. ఊరి భాష సరిగా రాని పెద్దలకు ఈ మాటలు ఉపకరించును: చుండ్రును కన్నడమున తలెహొట్టు అనియు, అరవమున పొడుగు అనియు, మరాఠీలో కోండా అనియు, ఒడియాలో రూపి అనియు అందురు. అరవపు పొడుగు మన పొడుగు కాదు సుమా!

ముఖ్యముగా మనవి చేయునది ఒకటే. మండుట, దద్దురు, వాపు ఉన్నచో మందు ఆపుడు. అవి లేనప్పుడు చేతిలోని జుట్టును చూచి బెదరి రెండవ వారముననే మందు మానకుడు. నాలుగు వారములు క్రమముగా వాడి, లెక్క చూచి, అప్పుడు నిర్ణయించుకొనుడు.